రెండు చెడ్డవి పైన పెట్టే యమునాబాయి

కుంభారి కాలనీలో మూడో గల్లీ నుంచి తొమ్మిదో గల్లీ దాకా ఎవరింట్లో కాన్పు అయినా రెండు ఫోన్లు వెళతాయి. మొదటిది పుట్టింటికి, రెండోది యమునాబాయికి. పుట్టింటివాళ్ళు షోలాపూర్ ఊళ్ళోంచి బస్సు పట్టుకొని వచ్చేలోపే యమునాబాయి ఆ ఇంట్లో దూరి, పెద్ద బకెట్ ఎక్కడుందో, నల్లా నీళ్ళు ఎన్నింటికి వస్తాయో, బాలింతకు మెంతులు పడతాయో పడవో అన్నీ ఆరా తీసేసి ఉంటుంది.

పసిబిడ్డలకు నీళ్ళు పోయడంలో ఆమెకు సాటి లేదు. స్నానాల నీళ్ళు పోయే మోరీ దగ్గర పీట వేసుకొని, చీర మోకాళ్ళ పైకి దోపి, రెండు కాళ్ళూ చాచి కూర్చుంటుంది. ఆ కాళ్ళ మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, సెనగపిండితో నలిచి, చెంబుతో నీళ్ళు పోస్తుంటే, అప్పటిదాకా గల్లీ లేచిపోయేలా ఏడ్చిన బిడ్డ కూడా కళ్ళు అరమూసి పెద్దమనిషిలా నిట్టూరుస్తుంది. ముక్కులో, చెవుల్లో నూనె పోయొద్దని ఆస్పత్రి నర్సు చెప్పిన రోజునే అది మానేసింది. "చదువుకున్న పిల్ల చెప్పింది, బరోబరే ఉంటది" అంది, అంతే. అంత తెలివైన మనిషికి ఒక్క జబ్బు ఉంది. తనను ఎవరూ మెచ్చుకోవడానికి వీల్లేదు.

చీర బాగుందంటే, "అయ్యో, సేల్‌లది. కొంగుకాడ చినిగింది, రంగు గూడ ఎలిసింది" అంటుంది. అనడమే కాదు, కొంగు తిప్పి చినుగు చూపిస్తుంది. పచ్చడి బాగుందంటే ఉప్పెక్కువైంది, నూనె తక్కువైంది. వయసు తెలియడం లేదంటే మోకాళ్ళ నొప్పులు, పై దవడలో ఊగే పన్ను. ఎప్పుడు చూసినా రెండు లోపాలు. ఒకటి కాదు, మూడు కాదు. ఆమె భర్త వాసుదేవ్ పవర్‌లూమ్‌లో టవళ్ళు నేస్తాడు, మాట తక్కువ మనిషి. ఆయన ఒక్కడే ఈ లెక్క పసిగట్టాడు. "మా ఆమెను పొగడకుండ్రి, రెండు వంకలు ఖర్చయితయి" అనేవాడు.

ఈ రెండు వంకలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలంటే ఆమె బీడీలు చుట్టిన రోజులకు వెళ్ళాలి. కాలనీకి రాకముందు వాళ్ళు భవాని పేట్‌లో ఒక్క గది ఇంట్లో ఉండేవారు. యమునాబాయి ఇరవై ఆరేళ్ళు బీడీలు చుట్టింది. ఆకు, దారం కలిసి ఆమె వేళ్ళ కొసలను ఎంత అరగదీశాయంటే, రేషన్ దుకాణంలో మిషన్ ఇప్పటికీ ఆమె వేలిముద్రను గుర్తుపట్టదు. పొద్దంతా చుట్టిన బీడీలను సాయంత్రం చాటలో పెట్టుకుని కార్ఖానాకు పట్టుకెళితే, అక్కడ చెకర్ ఉంటాడు. ఆయన పని బీడీలను చూసి, బాగాలేనివి ఏరి అవతల పారేయడం. దాన్నే ఛాట్ తీయడమంటారు. ఏమీ ఏరకపోతే ఆయన పని చేయనట్టు లెక్క. అందుకని మంచివాటి మీద కూడా చెయ్యి పడేది.

దీనికి యమునాబాయి అత్త ఒక ఉపాయం నేర్పింది. "రెండు చెడ్డయి నువ్వే పైన పెట్టు. ఆని చెయ్యి ఆటి మీదికి పోతది. పారేస్తడు, కడుపు సల్లబడతది. కిందియి ముట్టడు." అత్త మాట నిజమే అయింది. రోజూ రెండు వదులు బీడీలు పైన, మిగతావన్నీ కింద, చెక్కుచెదరకుండా. ఇరవై ఆరేళ్ళలో అది వేళ్ళ నుంచి నాలుక మీదికి ఎప్పుడు ఎక్కిందో ఆమెకే తెలియదు. ఎదుటివాళ్ళు నోరు తెరవక ముందే రెండు చెడ్డవి తీసి పైన పెట్టడం. అవతలివాళ్ళు మెచ్చుకోవడానికి వచ్చారా, ఛాట్ తీయడానికి వచ్చారా అని చూసుకునేది కాదు.

ఎవరికీ దీనివల్ల నష్టం లేదనే అందరూ అనుకున్నారు. ఆరతి బిడ్డను తొట్టెల్లో వేసే వేడుక దాకా.

ఆరతి పక్కింటి అంబుబాయి కోడలు, తుషార్ పెళ్ళాం. జోడ్‌భావి పేట్ పిల్ల. ఎనిమిదో నెలలోనే కాన్పు అయింది. ఆడపిల్ల, అరచెయ్యంత. పన్నెండు రోజులు ఆస్పత్రిలో గాజుపెట్టెలో ఉంచారు. ఇంటికి తెచ్చాక ఆరతి బిడ్డను ఎత్తుకోవడానికి కూడా భయపడేది. విరిగిపోతుందేమో అన్నట్టు రెండు చేతులూ దూరంగా పెట్టి చూస్తూ కూర్చునేది. డాక్టరు, బరువు పెరిగింది ఇక నీళ్ళు పోయొచ్చు అన్నాక, యమునాబాయి వెళ్ళి మోరీ దగ్గర కాళ్ళు చాచింది.

"పెద్దమ్మా, జారుతదేమో" అంది ఆరతి తలుపు పట్టుకొని.

"జారితె యాడికి పోతది? నా కాళ్ళు దాటి పోవాల్నంటె దానికి బస్ పాస్ కావాలె" అంది యమునాబాయి.

ఆరతి ఆ ఇంటికి వచ్చాక నెలల తరబడి నవ్వలేదు. ఆ రోజు నవ్వింది. మర్నాడు తలుపు దాటి లోపలికి వచ్చింది. వారానికి చెంబు అందించింది. నెలకు బిడ్డ కాలు పట్టుకొని నూనె రాసింది. మూడు నెలలకు బిడ్డ బుగ్గలు నిండి, మెడ నిలిపి, నీళ్ళ చప్పుడు వినగానే కాళ్ళు కొట్టడం మొదలుపెట్టింది. అప్పుడు తొట్టెల వేడుక పెట్టుకున్నారు. ప్రణాలి అని పేరు అనుకున్నారు.

వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. తొట్టెల్లో బిడ్డను వేయక ముందు, ఆ బిడ్డకు నీళ్ళు పోసిన ఆడమనిషిని పీట మీద కూర్చోబెట్టి, బిడ్డ తల్లి కాళ్ళకు పసుపు రాసి, ఒడి నింపి, చీర పెడుతుంది. యమునాబాయి ఇన్నేళ్ళూ దీన్ని తప్పించుకుంటూనే వచ్చింది. ఒక ఇంట్లో వంటకాడ చేరిపోయేది, ఇంకో ఇంటికి కావాలనే ఆలస్యంగా వెళ్ళేది. ఆరతి దగ్గర మాత్రం కుదరలేదు. ఆ పిల్ల గుమ్మంలోనే చెయ్యి పట్టుకుంది. గల్లీ ఆడవాళ్ళంతా చాప మీద కూర్చుని చూస్తున్నారు.

"నాకు మాట్లాడనీకె రాదు" అంది ఆరతి, ఆకుపచ్చ చీర రెండు చేతులతో పట్టుకొని. "నా బిడ్డను నేనే ముట్టకపోయేది. పెద్దమ్మ కాళ్ళ మీదనే బిడ్డ పెరిగింది. నేను గూడ ఆడనే తల్లినైన."

చాప మీద ఎవరో ముక్కు చీదుకున్నారు. యమునాబాయికి చెవులు వేడెక్కాయి. పారిపోవడానికి దారి లేదు. నాలుక తన పని తాను చేసేసింది.

"ఏం పెరిగిందే, ఉగాచ్, ఊరికె అంటున్నవు గని. తల ఒక దిక్కు ఇంక సప్పిడిగనే ఉన్నది. ఎడమ కాలు జరంత వంకర గూడ. ఈ చీర మీ ఆడపడుచుకు పెట్టుండ్రి, నాకెందుకు."

ఆడవాళ్ళు నవ్వారు. దిష్టి తగలకుండా అందనుకున్నారు. ఆరతి నవ్వలేదు. చీర చేతిలో అలాగే ఉండిపోయింది. ఆమె కళ్ళు తొట్టెల పక్కనున్న బిడ్డ ఎడమ కాలి మీదికి పోయాయి, అక్కడే ఆగిపోయాయి. తొట్టెల పాటలు పాడారు, పేరు పెట్టారు, పేడాలు తిన్నారు. యమునాబాయి కూడా రెండు పేడాలు తింది. గండం గడిచిందనుకుంది.

మర్నాడు పొద్దున నూనె గిన్నెతో వెళితే, ఆరతి తలుపు సగమే తీసింది.

"ఇయ్యాల పోసేసిన పెద్దమ్మా."

"ఇంత పొద్దుగాలనా?"

"ఆఁ."

రెండో రోజూ అదే మాట. మూడో రోజు అంబుబాయే వచ్చింది. వచ్చి కూర్చోకుండా, గుమ్మానికి ఆనుకొని నిలబడింది.

"యమునక్కా, నీ నోట్ల ఏం పురుగు దూరిందే? పిల్ల బిడ్డనెత్తుకొని రెండు దవాఖానాలు తిరిగింది. సిటీ బస్‌ల, ఈ ఎండల. డాక్టర్లు చూసిండ్రు. తల మంచిగున్నది, కాలు మంచిగున్నది అన్నరు. అయినా దానికి నమ్మకం లేదు. డాక్టరు ఒక్క గడియ చూస్తడు, పెద్దమ్మ మూడు నెలలు చూసింది, ఆమెకే ఎరుక అంటున్నది. మళ్ళ బిడ్డను ముట్టనీకె చేతులు వణుకుతున్నయి."

బిడ్డ తల గుండ్రంగా ఉంది. కాలు వెదురు కర్రలా తిన్నగా ఉంది. ఆ సంగతి యమునాబాయికన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు.

వెంటనే వెళ్ళింది. ఆరతి బిడ్డను ఒళ్ళో పెట్టుకొని కూర్చుని ఉంది. యమునాబాయి ఆమె ఎదురుగా కూలబడి, "నాదే తప్పు బిడ్డా. నాకు బుద్ధి లేదు. నోరు గాదిది, మోరీ. నన్ను ఇంట్లకు రానిచ్చుడే ఎక్కువ" అని మొదలుపెట్టి, ఆపకుండా తనను తాను తిట్టుకుంది. 

ఆరతి కాసేపు విన్నది. తర్వాత మెల్లగా అంది. "పెద్దమ్మా, నువ్విట్ల అంటే నేనేం జెయ్యాలె? ఏడ్సుకుంట ఉన్నది నేను. మళ్ళ నిన్ను ఊకుంచాల్సింది గూడ నేనేనా?"

యమునాబాయి లెంపలు వేసుకోబోయిన చెయ్యి దించుకుంది.

"నువ్వు తిట్టుకునుడు నాకొద్దు. ఒక్క మాట చెప్పు. నువ్వు నీళ్ళు పోసిన బిడ్డ మంచిగున్నదా, లేదా?"

మంచిగున్నదనాలి. ఒక్క మాట. కానీ ఆ మాటలో బిడ్డ ఒక్కతే లేదు. పోసిన చేతులు కూడా ఉన్నాయి. తన పనిని తాను బాగుందని అనడం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు. "డాక్టర్లు చెప్పిండ్రు గదా బిడ్డా" అంది చివరికి. ఆరతి తల దించుకుంది. యమునాబాయి లేచి వచ్చేసింది.

ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా బస్ స్టాప్ వైపు నడిచింది. అక్కడ చాయ్ టపరీ ముందు బల్ల మీద సిద్ధరాములు కూర్చుని ఉంటాడని ఆమెకు తెలుసు. కాలనీలో ఎవరు ఏ వేళకు ఎక్కడుంటారో తెలియకపోతే ఆమె యమునాబాయే కాదు. సిద్ధరాములు ఒకప్పుడు ఆ బీడీ కార్ఖానాలో ఆమె బీడీలు చూసిన చెకర్. ఇప్పుడు పని మానేసి, ఆరో గల్లీలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆయనంటే ఆమెకు ఇన్నేళ్ళూ లోపల్లోపల భయం.

"సిద్ధన్నా, ఒక్కటి అడుగుత. ఖరే, నిజమే చెప్పాలె. నా బీడీలు ఎట్లుంటుండె?"

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, ఆమెను వింతగా చూశాడు. "ఇప్పుడెందుకొచ్చిందే నీకు?"

"చెప్పు."

"నీ చాటల ఛాట్ తీయనీకె ఏం దొరకకపోతుండె. కొత్త పిల్లలు వస్తే నీ కట్ట ఇప్పి చూపిస్తుంటి. గిట్ల చుట్టాలె అని."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పనీకె నువ్వు నిలబడితివా? చాట పెట్టుడు, కొంగు మూతికి పెట్టుకునుడు, గోడ దిక్కు చూసుడు."

యమునాబాయి తప్పు ఒప్పుకుంటున్నట్టు అంది. "రోజు పైన రెండు చెడ్డయి ఉంటుండె. అవి నేనే పెడుతుంటి."

"ఎరుకనే."

"ఎరుకనా?"

"ఇరవై ఏండ్లు బీడీలు చూసినోడికి గది ఎరుకుండదా? చేతకాక చెడిన బీడీ వేరే, కావాల్నని చెడగొట్టిన బీడీ వేరే. నీ చెయ్యికి చెడగొట్టుడు రాకపోతుండె. పాపం, ఎంత కష్టపడి వదులు చేస్తుంటివో, మొగిలి, ఆ మూతి మడత మాత్రం మళ్ళ నీటుగనే మలిచిపెడుతుంటివి. నేను లోపల నవ్వుకుంటుంటి."

అది నిజం. ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. తొలి ఏళ్ళలో రెండు చెడ్డవి వాటంతట అవే దొరికేవి. తర్వాత దొరకడం మానేశాయి. మంచి బీడీ చిటికెలో అయిపోయేది, చెడ్డ బీడీ చేయడానికే ఎక్కువసేపు పట్టేది. అన్నం వండే వేళ దాటిపోతున్నా కూర్చుని ఆ రెండూ చెడగొట్టేది.

"మరి ఆ రెండు పారేస్తుంటివి గదా."

"పారేస్తనా? జేబుల ఏసుకుంటుంటి. ఇంటికి పోయి నేనే తాగుతుంటి. మస్తుగుంటుండె."

యమునాబాయి ముందు ఆయన్ని చూసింది. తర్వాత పొట్ట పట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది. బల్ల మీద కూర్చుని, కళ్ళల్లో నీళ్ళు కారేదాకా నవ్వింది. బస్సు దిగినవాళ్ళు ఆగి చూశారు. సిద్ధరాములు "నేనేమన్ననే" అంటూ తనూ నవ్వాడు, దగ్గు వచ్చేదాకా.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. ఎండలో నడిచి కాళ్ళు గుంజుతున్నాయి. నీళ్ళు పోసుకుందామని మోరీ దగ్గరికి వెళ్ళింది. ఆమె స్నానం అంటే ఎప్పుడూ నాలుగు చెంబులు, గబగబా, ఎవరో తరుముతున్నట్టు. ఆ రోజు మాత్రం నూనె గిన్నె అక్కడే కనబడింది. ప్రణాలి కోసం కాచిన నూనె. మూడు రోజులుగా అలాగే ఉంది.

పీట వేసుకుని, కాళ్ళు చాచుకుంది. ఎందరు పిల్లలు ఆ కాళ్ళ మీద పడుకున్నారో ఆమెకు లెక్క తెలియదు. ఎవరికీ ఒక్క దెబ్బ తగలలేదు. అంతమందిని మోసిన కాళ్ళకు ఆమె ఏనాడూ ఒక చుక్క నూనె రాయలేదు. మోకాళ్ళ నొప్పులని ఊరందరికీ చూపించింది కానీ, ఆ మోకాలి మీద చెయ్యి వేసి పాపం అని అనలేదు.

నూనె అరచేతిలో పోసుకుని, మోకాలికి మెల్లగా రాసింది. బిడ్డలకు రాసినట్టే, పై నుంచి కిందికి, మడమ దాకా. "అయిపాయె, అయిపాయె నా బంగారం" అంది. బిడ్డలతో అనే మాట. తన గొంతే తనకు కొత్తగా వినబడింది. "మస్తు నిలబడ్డరు మీరు. మస్తు మోసిండ్రు." చేతుల వంతు వచ్చింది. గీతలు అరిగిన వేళ్ళను ఒక్కొక్కటే నూనెతో లాగింది. బీడీ చుట్టడంలో మంచివాళ్ళు ఈ వేళ్ళు. బిడ్డను పట్టుకోవడంలో ఇంకా మంచివాళ్ళు. ఆ మాట పైకి అనడానికి కొంత టైమ్ పట్టింది, కానీ అంది.

"లోపల ఎవలతోని మాట్లాడుతున్నవే?" బయటి నుంచి వాసుదేవ్.

"నా కాళ్ళతోని."

"అవేమంటున్నయి?"

"నీళ్ళు ఇంకో బకెట్ కావాల్నంటున్నయి. తెచ్చి పెట్టు."

తెచ్చి పెట్టాడు. అన్నాల దగ్గర కూర్చున్నాక చారు జుర్రుకుని, ఆయనకు మామూలుగా అలవాటు లేని మాట ఒకటి అన్నాడు. "చారు బాగున్నది."

చింతపండు పాతది, మిరియాలు తక్కువ. రెండూ నాలుక కొసకు వచ్చి కూర్చున్నాయి. యమునాబాయి పళ్ళు బిగబట్టి, ముద్ద మింగి, "ఆఁ" అంది.

వాసుదేవ్ గ్లాసు దించాడు. "ఏందే, జరమొచ్చిందా?"

"బాగున్నదంటివి గదా. నాకు గూడ బాగనే ఉన్నది. తిను."

ఆయన ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగానే ఉంది.

మర్నాడు పొద్దున్నే నూనె గిన్నె పట్టుకుని ఆరతి గుమ్మంలో నిలబడింది. లేచిన దగ్గర్నుంచి ఆ మాటను నాలుగుసార్లు అనుకుంది. ఆరతి తలుపు తీసింది, చంకలో ప్రణాలి.

"నిన్న అడిగినవు గదా బిడ్డా. అప్పుడు చెప్పరాలే, ఇప్పుడు చెప్త" అంది యమునాబాయి. "బిడ్డ మంచిగున్నది. తల గుండ్రంగున్నది, కాళ్ళు తిన్నగున్నయి. ఆ రోజు నేను అబద్ధమాడిన. ఎవలన్న మెచ్చుకుంటే నాకు భయమయితది, ఏదో ఒక వంక పెట్టి తప్పించుకుంట. ఆ రోజు వంక నీ బిడ్డకు తగిలింది, అది తప్పు. కాని బిడ్డకు నేను మంచిగ పోసిన. మంచిగనే పోసిన."

చెప్పి ఊరుకుంది. ఊరుకోవడమే కష్టం. ఆ ఖాళీలో ఇంకేదో పెట్టాలని ప్రాణం కొట్టుకుంది. పెట్టలేదు.

ఆరతి చంకలోని బిడ్డను యమునాబాయి చేతుల్లో పెట్టి లోపలికి వెళ్ళింది. ప్రణాలి ఆమె ముక్కు పట్టుకుంది. యమునాబాయి అరికాలు నొక్కి చూసింది, చూడకుండా ఉండలేక. తిన్నగానే ఉంది.

ఆరతి పీట తెచ్చి వేసింది, పసుపు గిన్నె తెచ్చింది, ఆకుపచ్చ చీర తెచ్చింది. అది ఆడపడుచుకు పోలేదన్నమాట. "కూసో పెద్దమ్మా."

ఈసారి చాప మీద ఊరు లేదు. ఉన్నది అంబుబాయి ఒక్కతే, కొత్తిమీర ఏరుతూ, ఏరడం మానేసి చూస్తూ. యమునాబాయి బిడ్డను అంబుబాయికి ఇచ్చి పీట మీద కూర్చుంది. ఆరతి పళ్ళెంలో ఆమె కాళ్ళు పెట్టి, చెంబుతో నీళ్ళు పోసింది. యమునాబాయి చెయ్యి దానంతటదే చెంబు మీదికి పోయింది.

"చెయ్యి తియ్యి" అంది ఆరతి.

తీసింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. ఆరతి వేళ్ళు పిక్కల మీద, మడమల మీద, కాలివేళ్ళ సందుల్లో పసుపు రాస్తున్నాయి. గట్టిగా, భయం లేకుండా. ఆ పట్టు ఎక్కడిదో యమునాబాయి గుర్తుపట్టింది. మూడు నెలలు తన పక్కన కూర్చుని నేర్చుకున్న పట్టు. చేతులు వణకడం లేదు. ఆరతి బియ్యం, కొబ్బరికాయ, జాకెట్ ముక్క ఒళ్ళో పోసి, చీర పెట్టింది.

"రంగు నచ్చిందా?" అంది అంబుబాయి, నవ్వు ఆపుకుంటూ. వాసుదేవ్ పుణ్యమా అని ఆమెకు కూడా రెండు వంకల సంగతి తెలుసు. కావాలనే అడిగింది.

యమునాబాయి చీరను మడత విప్పి చూసింది. అంచు జరంత వెడల్పు. ఆకుపచ్చ తన ఒంటికి మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. రెండూ తయారుగా ఉన్నాయి, నాలుక మీద, ఎప్పటిలాగే.

"నచ్చింది" అంది. "ఆదివారం కట్టుకుంట."

"ఇంకేమన్న అంటవేమో అని చూస్తున్న."

"చూడు, చూడు. ఎంతసేపైన చూడు."

మోరీ దగ్గర నీళ్ళు కాగి పొగలు పోతున్నాయి. యమునాబాయి చీరను పెట్టె మీద జాగ్రత్తగా పెట్టి, పీట అక్కడికి జరుపుకుని కూర్చుని, కాళ్ళు చాచింది. ఆరతి ప్రణాలిని తెచ్చి తనే ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, పక్కనే కూర్చుని చెంబు అందుకుంది. తడి ఆరని పసుపు బిడ్డ పొట్టకు అంటింది. నీళ్ళ చప్పుడు వినగానే బిడ్డ రెండు కాళ్ళూ సమానంగా, బలంగా కొట్టడం మొదలుపెట్టింది, ఎదురుగా కూర్చున్న అంబుబాయి కొత్తిమీర తడిసిపోయేదాకా.